కుప్పమ్మ కోకలో నాగలింగం గెలుపులు

వేలాయుధం పేరు వింటే ధనకోటి తాత చేతిలో మగ్గం నాడె నిలిచేది కాదు. తిరువళ్ళూరు రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి వేలాయుధం. అట్ట వేసిన నోటుపుస్తకం, జేబులో రెండు రంగుల పెన్నులు, ముక్కు మీద కళ్ళజోడు, ఇవి తప్ప బాక్సింగుతో ఆయనకు వేరే చుట్టరికం లేదు. పుట్టి బుద్ధెరిగి ఒకర్ని గుద్దింది లేదు, ఒకరిచేత గుద్దించుకున్నదీ లేదు. అయినా మద్రాసులో పోటీలు పెట్టేవాళ్ళు ఈ పక్క బాక్సర్లను పిలవాలంటే ముందు ఆయన పుస్తకమే అడిగేవాళ్ళు. ఎవరెన్ని గెలిచారు, ఎన్ని ఓడారు, వరసలో ఎవరు ముందు, ఎవరు వెనక, అన్నీ ఆయన చెప్పినట్టే.

తాత గుద్దింది మాత్రం ఉందా అంటే అదీ లేదు. పొదటూరుపేటలో ముప్పయ్యేళ్ళుగా గుంతమగ్గంలో కాళ్ళు పెట్టుకుని కోకలు నేశాడు. ఇంట్లో కోడిని కొయ్యాలంటే పక్కవీధికి పోయి నిలబడేవాడు. అలాంటి మనిషికి బాక్సింగు పిచ్చి ఎలా పట్టిందంటే, "పోయిన జన్మలో ఎవురి మూతో పగలగొట్టింటాడు, ఈ జన్మలో గుద్దులు లెక్కబెట్టుకుంటా ఉండాడు" అనేది ఆయన భార్య కుప్పమ్మ అవ్వ. పాండూరు తిరునాళ్ళలో పోటీ ఉందని చెవిన పడితే చాలు, మగ్గం మీద పోగు మధ్యలోనే వదిలేసి బస్సెక్కేవాడు.

చూసింది గుర్తుపెట్టుకోవడానికి తాతకు కాగితంతో పని లేదు. ఆయనది నేతగాడి లెక్క. ఒక్కో బాక్సరుకు ఒక్కో దారం. గెలిస్తే జానెడు ఎర్ర పోగు ముడివేసేవాడు, ఓడితే జానెడు తెల్లది, డ్రా అయితే జానెడు పసుపుది. నేతగాడి ముడి కంటికి ఆనదు, వేలికి మాత్రం ఆవగింజలా తగులుతుంది. ఆ దారాన్ని వెదురు గొట్టంలో కూరి మగ్గం పైన మేకుకు వేలాడదీసేవాడు. మొదటి ఆట కొస ఒక పక్క బయటికి వేలాడేది. కొత్త ఆట ముడి రెండో పక్క నుంచి పడేది. తెగిన పోగులు అతికే నూలు కూడా ఆ మేకుకే వేలాడేది. అవి రెండూ ఒకచోట ఎందుకని అవ్వ వందసార్లు అడిగింది. తాత వందసార్లు విననట్టు నటించాడు.

పంతొమ్మిది వందల ఎనభైలో మద్రాసు నుంచి జాబు వచ్చింది. మిడిల్ వెయిటులో ఈ పక్క నుంచి ఇద్దరే ఇద్దరు కావాలి, ముప్పయి దాటితే పిలవము అని. అవ్వ తమ్ముడు నాగలింగానికి అప్పుడు ఇరవై తొమ్మిది. అంటే ఈసారి కాకపోతే ఇక ఏసారీ లేదు. విన్న రోజు నుంచి నాగలింగం అన్నం మానేశాడు. బరువు కోసమా, బెంగతోనా అని ఇంట్లో ఎవరూ అడగలేదు.

ఆదివారం తాత వేలాయుధం ఇంటి అరుగు మీద వాలాడు. వేలాయుధం భార్య దేవకి కాఫీ పెట్టి, ఈ గొడవ ఎప్పటికి తెగేనా అన్నట్టు చూసి లోపలికి పోయింది.

"ఒకటి సుబ్రమణ్యం," అన్నాడు వేలాయుధం పుస్తకం తెరిచి. "పద్నాలుగు గెలుపు, రెండు ఓటమి. దీంట్లో నీకేమన్నా సందేహమా?"

"లేదు సారూ. ఆయన్ని పైన కూర్చోబెట్టి కర్పూరం ముట్టించు. రెండోది చెప్పు."

"పొన్నుస్వామి. పది గెలుపు, మూడు ఓటమి, ఒక డ్రా."

"ఆ పదిలో ఆరు ఎవురి మింద? గంట కొట్టకముందే ఇంటికి బస్సు ఎన్ని గంటలకని అడిగినోళ్ళ మింద!"

"గెలుపు గెలుపేనయ్యా. మూడోది మునియప్ప. తొమ్మిది గెలుపు, ఒకటే ఓటమి."

"మునియప్పా! వాడు మూడేండ్లుగా సైకిలు షాపులో పంక్చర్లు ఏస్తా ఉండాడు సారూ. వాడిప్పుడు గుద్దేది ట్యూబుల్ని!"

"రికార్డుకు తుప్పు పట్టదు. నాలుగోది మీ నాగలింగం. ఆరు గెలుపు, ఒక ఓటమి."

తాత కాఫీ లోటా కింద పెట్టాడు. "పదకొండు."

"ఆధారం యాడ?"

"నా కండ్లు."

"నీ కండ్లు పీకి పుస్తకంలో అతికించేదానికి అయితుందా? పేపరులో వచ్చిన ముక్క తే. అతికించుకుంటా."

"పాండూరు తిరునాళ్ళకు పేపరోడు వస్తాడా? పళ్ళిపట్టుకు వస్తాడా? ఆడికి వచ్చేది జనం, నేను, బఠాణీలమ్మేవాడు!"

"అట్లయితే బఠాణీలవాడి సంతకమన్నా తే."

తాత అరుగు మీంచి లేచాడు. పన్నెండేళ్ళ దారం ఉంది, ఆట జరిగిన రోజే పడ్డ ముడులు, ఒక్కటీ ఇంటికొచ్చి కల్పించింది కాదు అన్నాడు. వేలాయుధం కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "దారమా! సరి, తే. చూస్తాను, ఒప్పుకుంటానని చెప్పలేదు. వచ్చే ఆదివారం సాయంత్రం దాకే టైము. సోమవారం పొద్దున కరెంటు ట్రైనులో లిస్టు పోతుంది."

తాత ఇల్లు చేరి మేకు వైపు చూశాడు. సుబ్రమణ్యం గొట్టం ఉంది. పొన్నుస్వామిది ఉంది. పంక్చర్ల మునియప్పది కూడా భద్రంగా ఉంది. నాగలింగం గొట్టం లేదు.

ఇంట్లో వెతకని చోటు లేదు. బియ్యం డబ్బా, అటక, చివరికి దేవుడి పటాల వెనక.

"మే, నాగలింగం దారం ఏం చేసినావు?"

"పులుసులో ఏసినాను. సొంత తమ్ముడి దారం కదా, రుచిగా ఉంటుందని."

"ఎగతాళి కాదు మే. వాడి బతుకది!"

"వాడి బతుకును మేకుకు తగిలించింది ఎవురు? నేనా?"

రెండు రోజులు తాత మగ్గం వదల్లేదు. కోపమంతా మగ్గం మీద చూపిస్తూ దడదడా నేశాడు. అప్పుడు నేస్తున్నది కుంకుమ రంగు కోక. మంగళవారం మధ్యాహ్నం ఆ కుంకుమ నేతలో, అంచుకు బెత్తెడు లోపల, సున్నంతో గీసినట్టు ఒక తెల్లటి గీత కనిపించింది. తాత నాడె ఆపాడు. వంగి చూశాడు. గీత వెంబడి మగ్గం వెనక్కి చూస్తే, నిలువు పోగుల పడుగు చివర నాగలింగం గొట్టం బుద్ధిమంతుడిలా వేలాడుతోంది.

జరిగిందేమిటంటే, కిందటి వారం పక్కమగ్గం తణికాచలంతో నాగలింగం గెలుపుల మీదే వాదిస్తుంటే పడుగులో ఒక పోగు తెగి, కొస ఎక్కడో పోయింది. దాని చోట పొడవాటి పోగు ఒకటి వెయ్యాలి. నేతగాడి చెయ్యి ఇలాంటి పనికి కంటిని అడగదు. పైకి పోయింది, ఎర్రకొసను పట్టుకుంది, గొట్టంతో సహా లాగింది, అతికింది, మిగిలిన దాన్ని వెనక వేలాడేసింది. నాగలింగం మొదటి ఏడు ఆటలూ వరసగా గెలిచాడు, ఏడు జానలూ ఎరుపే. కుంకుమ కోకలో ఎర్ర పోగు కలిసిపోయింది. పాపం, వాడు ఓడిపోయేదాకా తాతకు తెలియలేదు.

అవ్వ వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. "ఇంక ఈ కోక ఎవురు కొంటారు? ఊరంతా బాక్సింగు చూస్తారు, నువ్వొక్కడివే బాక్సింగును కోకలో నేస్తావు!"

తర్వాత కాసేపు గీతనే చూసి గొంతు తగ్గించింది. "ఒక మాట చెప్తా, విను. తెల్లది మొదలైన కాడికి కత్తిరించు. ఏడుకు ఏడూ ఎరుపే. ఒక ఓటమీ లేదు. ఆ కండ్లజోడాయనకు అదే చూపించు. వానికేం తెలస్తుంది?"

తాత కత్తెర వైపు చూశాడు. చాలాసేపే చూశాడు. ఏడు గెలుపు, సున్నా ఓటమి. పుస్తకంలో ఆ వరస ఎంత అందంగా ఉంటుందో కళ్ళ ముందు కనబడింది. బయట నాగలింగం తాడు ఆట ఆడుతున్న చప్పుడు, నేల మీద టపటపమని వినిపిస్తోంది.

"మూడు ఓటములు దాచేదానికి నాలుగు గెలుపులు కోసి పారేయమంటావా?" అన్నాడు చివరికి. "అయినా ఆ ఓటములు నేను చూసినాను మే. చూడలేదని ఎట్లనేది?"

నాడె అందుకున్నాడు. మిగిలిన ఆటలన్నీ నాలుగు రోజుల్లో నేసేశాడు.

ఆదివారం తాత, నాగలింగం బయలుదేరారు. కోకను ఒంటరిగా పంపనని అవ్వ కూడా వచ్చింది. తిరుత్తణి దాకా బస్సు, అక్కణ్ణుంచి రైలు. దారి పొడుగునా కోక మూట అవ్వ ఒళ్ళోనే ఉంది.

అరుగు మీద కోక పరిచారు. వేలాయుధం వంగి చూశాడు, కళ్ళజోడు ఎత్తి చూశాడు, దించి చూశాడు. "ఎరుపు మింద ఎరుపు ఏం కనిపిస్తుందయ్యా?"

"చూసేది కాదు సారూ, తడిమేది. జానకొక ముడి."

వేలాయుధం బొటనవేలు కోక మీద అటూ ఇటూ తిరిగింది. ముప్పయ్యేళ్ళు పెన్ను పట్టుకున్న వేలు, దానికేమీ దొరకలేదు. "ఏమీ లేదే" అన్నాడు. తాతకు ఏడుపొక్కటే తక్కువ. లోపలి నుంచి దేవకి వచ్చింది. "జరుగు" అని మొగుణ్ణి పక్కకు నెట్టి, బియ్యంలో రాళ్ళు ఏరే వేలితో మెల్లగా తడిమింది. "ఒకటి. రెండు. మూడు..." ఏడు దాకా పోయి ఆగింది. "ఇక్కడ తెల్లది."

"అదేంది?" అన్నాడు వేలాయుధం.

తాత తల వంచుకున్నాడు. "ఓడినాడు. పళ్ళిపట్టులో. రెండో రౌండులోనే."

"ముందురోజు పెండ్లిలో బిరియాని తిన్నాను సార్," అన్నాడు నాగలింగం.

"నిన్నెవురడిగినారు రా!" అన్నాడు తాత.

దేవకి చివరి దాకా తడిమింది. పదకొండు ఎరుపు, మూడు తెలుపు, రెండు పసుపు. వేలాయుధం పుస్తకం తిప్పాడు, కోక వైపు చూశాడు, మళ్ళీ తిప్పాడు. "నా దగ్గర ఓటమి ఒకటే ఉండాది. మిగిలిన రెండూ నాకు తెలీదు. ఎవురికీ తెలీదు. నువ్వే మోసుకొచ్చి చెప్తా ఉండావు."

"జరిగినాయి కదా సారూ."

వేలాయుధం పెన్ను మూత తీశాడు. "బామ్మర్దిని పైకి ఎక్కించేదానికి అబద్ధమాడేవాడైతే ఓటములు తీసుకురాడు," అని తనలో తాను అన్నట్టు అని, గీత కొట్టి రాశాడు. ఒకటి సుబ్రమణ్యం. రెండు నాగలింగం. పొన్నుస్వామి మూడుకు దిగాడు.

నాగలింగం స్తంభం పట్టుకుని నిలబడిపోయాడు. అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తాత మాత్రం పుస్తకంలోకి తొంగి చూసి, "సారూ, ఆ రెండో పసుపు ఉండాదే, న్యాయంగా అది డ్రా కాదు. జడ్జికి కంట్లో దుమ్ము పడి..." అని మొదలుపెట్టాడు.

"ధనకోటీ," అన్నాడు వేలాయుధం, "ఇంటికి పో."

మద్రాసులో నాగలింగం సుబ్రమణ్యంతోనే తలపడ్డాడు. ఆఖరి రౌండు దాకా నిలబడ్డాడు, పాయింట్ల మీద ఓడాడు. మూతి వాచిపోయింది, అయినా నెల రోజులు నవ్వుతూనే తిరిగాడు.

ఆ కోకను ఏ వ్యాపారీ తీసుకోలేదు. అవ్వే కట్టుకుంది. పోటీ మర్నాడు తాత సూదిలో జానెడు తెల్లపోగు ఎక్కించి, నాగలింగం దారం ముగిసిన చోట కుట్టబోయాడు.

"నా కోకలో ఇంకొక ఓటమి కుట్టినావంటే నీ చెయ్యి విరుస్తా," అంది అవ్వ.

తాత సూది పక్కన పెట్టాడు. అవ్వ నీళ్ళకు పోయిన వేళ దండెం మీదున్న కోకకు కుట్టేశాడు. సాయంత్రం కోక మడత పెడుతుంటే అవ్వ వేలికి కొత్త ముడి తగిలింది. తాతను తిట్టవలసినవన్నీ తిట్టింది. పోగు మాత్రం విప్పలేదు.