చూడనిదే బోర్డు చెప్పని ఖలందర్

సత్తెనపల్లి బస్టాండు వెనక సందులో ఖలందర్‌కు కంప్యూటర్లు బాగుచేసే కొట్టుంది. కొట్టు చిన్నది, మనిషి మొండివాడు. కంప్యూటర్‌కు మెదడులాంటి ప్రాసెసర్ కొత్తది కొన్నాం, దాన్ని కూర్చోబెట్టడానికి ఏ మదర్‌బోర్డు సరిపోతుందో చెప్పమని ఎవరైనా ఫోన్ చేస్తే చచ్చినా చెప్పడు. తీసుకురండి, చూసి చెబుతానంటాడు. పేరు తెలిస్తే చాలదా, మిగతావన్నీ ఇంటర్నెట్లో ఉంటాయి కదా అని నేనే ఒకసారి వాదించాను. "ఫోటో చూసి సంబంధం ఖాయం చేసుకుంటారా ఎవరైనా?" అన్నాడు.

ఆ మొండితనం ఊరికే రాలేదు. పదకొండేళ్ల కిందట ఫోన్లో విన్న నంబరు నమ్మి మాచర్ల ఆయనకెవరికో బోర్డు పంపించాడు. ఆయన చెప్పిన నంబరులో ఒక అంకె తప్పు. ప్రాసెసర్ బోర్డు మీదుండే సాకెట్లో కూర్చోకపోతే ఆ పెద్దమనిషి బొటనవేలితో నొక్కి మరీ కూర్చోబెట్టాడు. సాకెట్లో వెంట్రుకంత సన్నటి కాళ్లన్నీ వంగిపోయాయి. తప్పు ఎవరిదైనా ఖలందర్ నెల రోజులు సరిగా అన్నం తినలేదు. ఆ తర్వాత అట్టముక్క మీద నాలుగు ప్రశ్నలు రాసి కొట్టు గోడకు తగిలించాడు. ప్రాసెసర్ తెచ్చారా? పాత బోర్డు తెచ్చారా? ర్యామ్ ఏ రకం? కేబినెట్ ఎంత పెద్దది? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఆయన లెక్క. అప్పటినుంచి ఆయన చెప్పిన బోర్డు ఒక్కటి కూడా తిరిగిరాలేదు. ఖలందర్‌కు ఈ ఊళ్లో ఉన్న ఆస్తి ఆ పేరొక్కటే.

మొన్న శ్రావణంలో ముప్పాళ్ళ నుంచి అర్చన వచ్చింది. కట్టబోయే ఇల్లు ముందువైపు నుంచి ఎలా కనపడుతుందో ఆ అమ్మాయి ఇంట్లోనే కంప్యూటర్లో గీసి మేస్త్రీలకు ఇస్తుంటుంది. పాత మిషన్ ఒక్కో బొమ్మకు పూటంతా తీసుకుంటోందని తమ్ముడు కొత్త ప్రాసెసర్ కొనిచ్చాడు.

ఖలందర్ దాన్ని అంచులు పట్టుకుని తీసి, వెనక్కి తిప్పి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి చూశాడు.

"నీ పాత బోర్డుకి పన్నెండొందల కాళ్లమ్మా. దీనికి పదిహేడొందలు కావాల. దాంట్లో ఇది కూర్చోదు."

"అయితే ర్యామ్ గూడా మార్చాలా అన్నా?"

"అక్కర్లా. ఇదే సాకెట్‌తో రెండు రకాల బోర్డులొస్తయ్. పాత ర్యామ్ పట్టే రకం తెప్పిస్తా. నిక్షేపంలా ఉంటే పారేస్తావా ఏంది?"

బోర్డు గుంటూరు నుంచి వచ్చింది. ముందెప్పుడో తయారైన బోర్డయితే కొత్త ప్రాసెసర్‌ను గుర్తుపట్టదు. అందుకని పెట్టె మీద ఈ తరం ప్రాసెసర్‌కు పనికొస్తుందన్న స్టిక్కర్ ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాడు.

అన్నీ కుదిరాక అర్చన అత్తగారు రాఘవమ్మ అడ్డం తిరిగింది. మిషన్ మొదటిసారి తమ ఇంట్లోనే వెలగాలట. ప్రాసెసర్‌ను ముందు దేవుడి దగ్గర పెట్టి పూజ చేయాలట. శుక్రవారం తొమ్మిది ఇరవైకి ముహూర్తం కూడా పెట్టించింది. ఖలందర్ ఏదైనా కొట్లో బిగించి, వెలిగించి చూశాకే ఇస్తాడు. కానీ ఆయన తండ్రి ఒకప్పుడు రాఘవమ్మ ఇంటి రేడియో బాగుచేసినవాడు. చిన్నప్పటినుంచి పిన్నీ అని పిలిచిన మనిషికి కాదని చెప్పలేకపోయాడు. ప్రాసెసర్ అర్చన వెంట ముప్పాళ్ళ వెళ్లిపోయింది.

శుక్రవారం ఆయన బోర్డు తీసుకుని వెళ్లేసరికి ప్రాసెసర్ ఇత్తడి పళ్లెంలో తమలపాకు మీద ఉంది. పూజ ముగిసేసరికి తొమ్మిదయింది.

"కానీయ్ రా, టైమయిపోతాంది!" అని రాఘవమ్మ ఒకటే తొందర.

ప్రాసెసర్ పైమూత తళతళలాడుతోంది. ఖలందర్ దాన్ని పళ్లెంలోంచి ఎత్తి, గుర్తు చూసి సాకెట్లో పెట్టి బిగించాడు. సరిగ్గా తొమ్మిది ఇరవైకి అర్చన బటన్ నొక్కింది. ఫ్యాన్ తిరిగింది. బోర్డు మీద ప్రాసెసర్ పక్కన, తేడా ఉందని చెప్పే చిన్న ఎర్రలైటు వెలిగింది. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది.

ర్యామ్ తీసి మళ్లీ పెట్టాడు. వైర్లన్నీ చూశాడు. ఎర్రలైటు పోలేదు. ఆయనకు తలప్రాణం తోకకొచ్చింది. పదకొండేళ్ల తర్వాత మళ్లీ తప్పు బోర్డు చెప్పానా అని భయపడ్డాడు. శకునం బాగాలేదని రాఘవమ్మ గొణుగుతోంది.

చివరికి ఫ్యాన్ విప్పి ప్రాసెసర్ బయటికి తీసి, వెనక్కి తిప్పాడు. సాకెట్ కాళ్లు తాకాల్సిన బంగారు చుక్కల నడుమ పసుపు ఎండి అట్టకట్టింది. దాని మీద కుంకుమ బొట్టు.

"ఇదెవరు పెట్టారు పిన్నీ?"

"నేనే. బంగారం చుక్కలున్న వైపేగా మొగం! ఈపుకి పెడతారా ఎక్కడన్నా బొట్టు?"

నాకైతే ఒళ్లు మండేది. ఖలందర్ మాత్రం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. బోర్డు సరైనదే. ఆ క్షణాన ఆయనకు అంతకన్నా కావలసింది ఏమీ లేదు.

"తప్పు నాదే పిన్నీ. ఆ రోజు తిప్పి చూశా. ఇయ్యాల చూడలా."

స్పిరిట్‌తో తుడిచి, సాకెట్లో రాలిన పొడిని బ్లోయరుతో ఊది, మళ్లీ బిగించాడు. పదీ పదికి తెర వెలిగింది. రాఘవమ్మ మొహం మాత్రం వెలగలేదు. ముహూర్తం దాటిపోయిందని దిగులు.

"ముహూర్తానికే ఫ్యాన్ తిరిగింది గదా పిన్నీ. ప్రాణం అప్పుడే వచ్చింది. కళ్లు ఇప్పుడు తెరిచింది, అంతే."

ఆవిడ నవ్వేసింది. ఖలందరే కుంకుమ భరిణె అడిగి తెప్పించి, కేబినెట్ మీద ఆవిడ చేత బొట్టు పెట్టించాడు. పూట పట్టే బొమ్మ ఆయన టీ తాగేలోపు తయారైతే అర్చన కుర్చీలోంచి లేచి నిలబడి చూసింది.

మొన్న ఆయన కొట్టుకు వెళ్తే గోడ మీద అట్టముక్కలో అయిదో ప్రశ్న కనపడింది. దేవుడి దగ్గర పెట్టారా అని రాసుంటాడనుకుని, నవ్వుకుంటూ దగ్గరికెళ్లి చదివాను.

బిగించే ముందు ఇంకోసారి తిప్పి చూశావా?

"ఇదేందయ్యా, మేమెక్కడ బిగిస్తాం?" అన్నాను.

"ఆ నాలుగూ మీకు. అది నాకు" అని స్క్రూలు ఏరుకోవడంలో పడ్డాడు.