వంతెన మీద అత్తయ్య చెయ్యి

రెండేళ్ల క్రితం నాట్లు అయిపోయాక, కర్ణాటకలో సింధనూరు దగ్గర తెలుగు రైతులు స్థిరపడ్డ ఊరు, మా క్యాంపు ఆడవాళ్లం పన్నెండుమందిమి వ్యానులో కొడగు అడవులు చూడబోయాం. మా అత్తయ్య, తోడికోడలు శిరీష కూడా వచ్చారు. శిరీష కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి అత్తయ్యకు మాటైనా నవ్వైనా ఆమెతోనే. పదిహేనేళ్లుగా ఇంట్లో ఉన్న నేను లోలోపల ఉడికిపోయేదాన్ని.

అక్కడ లోయ మీద ఇనుప తాళ్లతో కట్టిన వంతెన దాటాలి. అడుగు పెట్టగానే అది ఊగింది. కింద చెట్ల తలలే తప్ప నేల కనిపించలేదు. భయమేసి అత్తయ్య వైపు చెయ్యి చాచాను. ఆవిడ చూడనేలేదు. శిరీష చెయ్యి పట్టుకుని ముందుకు వెళ్లిపోయింది. నడిమధ్యలో ఆగిపోయాను. కలిసి ఉన్న ఆ రెండు చేతులనే చూస్తూ, కసికొద్దీ ఒక్కో అడుగూ వేసి దాటాను.

అవతలికి చేరగానే అడిగేశాను. "పట్టుకోవడానికి నా చెయ్యి పనికిరాదా అత్తయ్యా?"

ఆవిడ తెల్లబోయింది. "అదేంటే, ఆ పిల్ల వణికిపోతుంటే పట్టుకున్నాను. నువ్వు వెనకాల ఉన్నావనేగా నేను ధైర్యంగా నడిచింది."

నేనూ వణికానని ఆవిడకు ఇవాళ్టి వరకూ చెప్పలేదు. చెబితే ఆ మాట వెనక్కి తీసుకుంటుందేమోనని.