టోపీడు మంచు

హిలారియో కంటే మంచి ఎలుగు మా ఊళ్లో పుట్టలేదు. ఎవరేమన్నా సరే, ఆ మాట నేను వెనక్కి తీసుకోను. ఏటా పండక్కి మంచు కప్పిన రిత్తిపుంకు కొండ ఎక్కేటప్పుడు ఎలుగుబంటి వేషానికి నల్ల ఉన్ని కుచ్చుల చొక్కా, ముసుగు వేసుకునేవాళ్లే మా ఎలుగులు. ముసుగు వేశాక సొంత గొంతుతో మాట్లాడకూడదు. ఆడపిల్లలా సన్నగా కీచుమనాలి. నవ్వించాలి, తప్పు చేసినవాణ్ణి కొరడాతో కొట్టాలి కూడా.

ఒకప్పుడు ఒక్కో ఎలుగు మంచుదిమ్మను వీపున కట్టుకుని దిగేది. కరిగిన ఆ నీళ్లే మాకు మందు. సూర్యుడు పుట్టకముందు లోకమంతా గడ్డకట్టి ఉండేదనీ, ఆయన రాగానే మంచు ఈ కొండెక్కి దాక్కుందనీ మా ముసలివాళ్లు చెప్పేవారు. రాళ్లను చదివే ఒకావిడ వచ్చి, లోయలో గీతలు పడ్డ బండలు చూపించి, ఇంచుమించు అదే చెప్పింది. వేల ఏళ్ల కిందటి మహాశీతకాలంలో లోయంతా నిండిన మంచుకు ఇది మిగిలిన తోకట, అదీ ఏటేటా పొట్టిదవుతోందట. పెద్దలు హడలిపోయారు. ఇకమీదట చిటికెడు మంచు కూడా దించకూడదని కట్టుబాటు పెట్టి, కాపలా హిలారియోకి అప్పగించారు.

ఆ ఏడే అతని భార్య ఆరేలియా మంచం పట్టింది. పట్నం మందులు పనిచేయలేదు. కొండనీళ్లు ఒక్క గుక్క తాగితే లేచి కూర్చుంటానని మొగుణ్ణి బతిమాలింది. అతను తల వంచుకుని పండక్కి బయల్దేరాడు.

కొండ దిగుతున్న జనంలో ఆరేలియా తమ్ముడు తొరిబియో పట్టుబడ్డాడు. కంబళి కింద టోపీ, టోపీలో మంచు. ఎవరికోసమని హిలారియో కీచుగొంతుతోనే అడిగాడు. ఆ గొంతు వింటే నవ్వడం మాకు అలవాటు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"మా అక్కకి, బావా. నీ పెళ్లామే. ముసుగేసుకుంటే గుర్తురావట్లేదా?"

నవ్వులు ఆగిపోయాయి. హిలారియోకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. బామ్మర్దని వదిలేస్తే రేపు ఊరంతా గొడ్డళ్లు పట్టుకుని ఎక్కుతుంది. మూడు దెబ్బలు కొట్టాడు. తర్వాత టోపీ తనే పట్టుకెళ్లి, మంచును మంచులో పెట్టి వచ్చాడు. మేం శభాష్ అన్నాం, సిగ్గులేని జనం.

పండగైన కొన్నాళ్లకే, దుంపల్ని రాత్రి చలికి గడ్డకట్టించి ఆరబెట్టే రోజుల్లో, ఆరేలియా పోయింది. పోయేముందు హిలారియో కొండనీళ్లని చెప్పి వాగునీళ్లు పట్టించాడట. ఒక గుక్క మింగి, ఇవి కావని మొహం తిప్పుకుందట.

మరుసటి ఏడు ఎక్కితే, అతను మంచు పెట్టిన చోట నల్లబండ తేలి ఉంది. మంచు అంచు రాయి విసిరినా అందనంత పైకి పోయింది. మా తాతల నాటి నుంచి దించిన దిమ్మలన్నీ పేర్చినా అంత కాదు. నాకు ఒళ్లు మండిపోయింది.

హిలారియో ముసుగు తీశాడు. తొరిబియో ముందు మోకరిల్లి కొరడా చాచాడు.

"కొట్టరా," అన్నాడు, సొంత గొంతుతో.

తొరిబియో అందుకోలేదు.

"ఉంచుకో బావా. ఎక్కడో కూర్చుని ఈ మంచుని కరిగించినోళ్లు ఎప్పుడన్నా ఇక్కడికి వస్తే వాళ్లని కొడుదువుగాని."

హిలారియో ఇప్పటికీ ఏటా ఎక్కి కాపలా కాస్తున్నాడు. వచ్చేది మాత్రం మేమే.