పడిపోయిన తోటకు మొదటి వంతు

1994 నవంబరులో గోదావరి జిల్లాల్లోని ఒక చక్కెర ఫ్యాక్టరీకి నన్ను సిస్టమ్స్ ఆఫీసరుగా వేశారు. అప్పుడే చెరకు ఆడించే క్రషింగ్ మొదలైంది. ఎవరి చెరకు ఎప్పుడు కొట్టాలో చెప్పే కటింగ్ ఆర్డర్లను ఆ ఏడాదే కంప్యూటరుకు అప్పగించారు. ఆ కాగితం రానిదే రైతు తోటలో కత్తి పెట్టకూడదు.

మా కోబాల్ ప్రోగ్రాము తోటల వివరాలన్నీ వంతుల వరసలో ఒక పట్టికలో నింపుకుని, ఒక్కో తోటకూ కొట్టే తేదీ తేల్చడానికి ఇంకో ఉపప్రోగ్రామును పిలిచేది. పిలిచిన ప్రతిసారీ పట్టిక మొత్తానికి నకలు తీసి పంపేది. ఒక్క తోట సంగతి అడగడానికి అన్ని తోటలూ మోసుకెళ్లడమన్నమాట. పొద్దున్న మొదలుపెడితే, ఆర్డర్లు ఊళ్లకు తీసుకెళ్లే జీపు బయలుదేరే వేళకు కూడా ముగిసేది కాదు.

ఒకరోజు వరండాలో సత్యవతిగారనే రైతు కూర్చుని ఉన్నారు. గాలివానకు ఆవిడ తోట పడిపోయింది. నేలకొరిగిన చెరకు కణుపుల దగ్గర వేళ్లు వేస్తుంది, రసం పోతుంది. అందుకే పడిన తోటకు మొదటి వంతు ఇవ్వడం ఫ్యాక్టరీ ఆనవాయితీ. "ఇవాళైనా ఆర్డరు వస్తుందాండి?" అని అడిగారు.

నకలు మానేసి, పట్టిక మెమరీలో ఎక్కడుందో ఆ చిరునామా మాత్రం పంపుదామన్నాను. చెరకు వ్యవహారాలు చూసే కేన్ మేనేజరు సూర్యారావుగారికి, బండ్లు వచ్చి ఆగే మా యార్డునే ఉదాహరణగా చెప్పాను: చెరకు బండ్లు ఉన్నచోటే ఉంటాయి, టోకెన్లే కౌంటరుకు వెళ్తాయి. వంక పెట్టనిదే ఆయనకు టీ అరగదని ఆఫీసులో అనుకునేవారు. "బాగానే ఉందండి. టోకెను పుచ్చుకున్నవాడు బండ్ల వరసే మార్చేస్తేనో?" అన్నారాయన.

ప్రోగ్రాము అలా మార్చి నడిపితే టీ చల్లారేలోపు అయిపోయింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. సూర్యారావుగారు మాత్రం కాగితాలు తిరగేసి, "సత్యవతిగారేరండి?" అన్నారు. ఆవిడ పేరు చివరి పేజీలో ఉంది. ఉపప్రోగ్రాము పట్టికను ఊళ్ల వరసలో సర్దుతోంది, ఆ వరసలో ఆవిడ ఊరు చివరిది. ఇన్నాళ్లూ సర్దింది నకలును కనుక నష్టం లేకపోయింది. ఇప్పుడు అసలునే సర్దేసింది.

బయట జీపు హారన్ మోగుతోంది. చూస్తే ఆ సర్దుబాటు ఏదో పాత రిపోర్టు కోసం రాసింది, ఇప్పుడు దానితో పనే లేదు. దాన్ని తీసేసి, ఉపప్రోగ్రాముకు పట్టికను చదివే పని మాత్రమే మిగిల్చి, జవాబు రాయడానికి విడిగా చిన్న చోటిచ్చాను. మళ్లీ నడిపాం. మొదటి కాగితం ఆవిడదే.

సూర్యారావుగారు దాన్ని జీపుకు పంపకుండా తానే వరండాలోకి వెళ్లి ఇచ్చారు. "రేపే మనుషుల్ని పెడతానండి" అని ఆవిడ లేచారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ తర్వాత కూడా పెద్ద డేటాను చిరునామాతోనే పంపాను. అయితే, వేగం కోసం నకలు తీసేసే ముందు, ఆ నకలు ఇన్నాళ్లూ ఏ తప్పును కప్పి ఉంచుతోందో వెతకడం నేర్చుకున్నాను.