రెండు రూటర్లు, ఒకే నెంబరు

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, రెండు నలభైకి ఆ సరిహద్దు కొండ మీద లారీ దిగాను. మోకాలి దాకా మంచు. వెల్దుర్తి ఎండలో పెరిగినవాణ్ణి. మొదటి వారమంతా ముక్కులోంచి రక్తం కారుతూనే ఉంది.

నాది సిగ్నల్స్ పని. మా బంకర్లో ఒక రూటరు, పై గుట్టల మీద రెండో పోస్టులో ఒకటి, మూడో పోస్టులో ఒకటి. పోస్టుల ఫోన్లన్నీ మా రూటరు మీదుగానే వెనకున్న ఫిరంగుల దాకా వెళ్లేవి.

ప్రతి రూటరుకూ ఒక గుర్తింపు నెంబరు ఉంటుంది. మనం పెట్టకపోతే తనకున్న అడ్రసుల్లో పెద్దదాన్ని తనే తీసుకుంటుంది. అందుకని మేమే పెట్టేవాళ్లం. మాది అన్నీ ఒకట్లు, రెండో పోస్టుది అన్నీ రెండ్లు, మూడోదానిది అన్నీ మూళ్లు. రెండింటికి ఒకే నెంబరు ఉంటే ఏ కబురు ఎవరిదో తెలియక దారులు కలుస్తూ తెగుతూ ఉంటాయి.

కేబుళ్లు వేసే లైన్‌మన్‌ది ఎడ్లపాడు. అక్కడ తెలుగు మాట్లాడేది మేమిద్దరమే.

పదకొండో రోజు మోర్టార్ గుండు పడి మూడో పోస్టు రూటరు ముక్కలైంది. పక్కనున్న ఆపరేటర్ దవడ ఎగిరిపోయింది. స్పేర్ రూటరు గంటలో సిద్ధం చేయమన్నారు సుబేదార్. రెండో పోస్టు సెట్టింగులు కాపీ చేశాను. అడ్రసులు మార్చాను. గుర్తింపు నెంబరు మార్చలేదు. చలికి వేళ్లు కొయ్యబారాయని చాలాకాలం చెప్పుకున్నాను. మరిచిపోయాను, అంతే.

మర్నాడు ఉదయం ఏడింటికి దాన్ని పైన బిగించారు. ఏడున్నరకు షెల్లింగ్ మొదలైంది.

"మోర్టార్ ఎక్కడుందో కనపడింది, రాసుకోండి..." మూడో పోస్టు గొంతు. తెగింది. కలిసింది. "ఇద్దరు పోయారు, రాసుకోండి..." మళ్లీ తెగింది. వాళ్ల రేడియో యాంటెన్నా అప్పటికే విరిగిపోయింది.

"కేబుల్ తెగుంటదన్నా," అన్నాడు లైన్‌మన్, హెల్మెట్ బిగించుకుంటూ.

"కాసేపు ఆగరా."

"ఏంది ఆగేది? ఆడ మనుషులు చస్తన్నారు."

వెళ్లాడు. రూటరు మీద ఆ కేబుల్ లైటు వెలుగుతూనే ఉంది. తెగితే ఆరిపోవాలి. ఆ సంగతి నాకు తట్టేసరికి ఎనిమిది నిమిషాలు గడిచాయి. స్క్రీన్ మీద పక్క రూటర్ల నెంబర్లు తెరిచాను. రెండు చోట్లా రెండ్లే.

మూడో పోస్టు రూటరులోకి వెళ్లి, మూళ్లు పెట్టి, దారులు వెతికే ప్రోటోకాల్‌ను రీస్టార్ట్ చేశాను. ఫోను నిలబడింది. ఎనిమిదింపావుకు మన ఫిరంగులు ఆ మోర్టార్‌ను, దాని మనుషులతో సహా, లేపేశాయి.

"కేబుల్ బాగానే ఉందిరా, వెనక్కి రా," అని వాకీటాకీలో మూడుసార్లు పిలిచాను. జవాబు రాలేదు.

విచారణలో ఉన్నదున్నట్టు రాసిచ్చాను. ర్యాంకు తగ్గించారు. సర్వీసు ముగిశాక ఎడ్లపాడు వెళ్లాను. అతన్ని పెంచిన అక్క కళ్లంలో మిరపకాయలు ఆరబోస్తోంది. నెంబరు సంగతంతా చెప్పి, తప్పు నాదేనన్నాను.

"ఆ నెంబరు మార్చటానికి ఎంతసేపు పట్టింది తమ్ముడూ?"

"నిమిషం, అక్కా."

"చానా చిన్న పనే," అని మళ్లీ కాయల మీదికి వంగింది.

ఇప్పటికీ నా కళ్లముందు ఒకటే. ఆ రోజు షెల్లింగ్ ఆగాక, కేబుల్ వెంట మేం వెళ్లేసరికి వాడు బోర్లా పడి ఉన్నాడు. నడుం కింద ఏమీ లేదు. రక్తం వేడికి మంచు కరిగి గుంట పడింది. వాడి రెండు చేతుల్లో కేబుల్, ఎక్కడా గీతైనా పడకుండా, నల్లగా.