స్కాట్లాండ్ రాతికి నేను రాసిన స్థలపురాణం

ఒక ఊరి చరిత్రను పాడుచేయడానికి ఆ ఊరికి వెళ్ళనక్కరలేదు. దేశంకాని దేశంలో, హౌగాంగ్‌లో అద్దెకుంటూ, రాఫెల్స్ ప్లేస్ ఆఫీసులో కీబోర్డు ముందు కూర్చుని కూడా ఆ ఘనకార్యం చేయవచ్చు. నేను చేశాను. మీరు నవ్వుకోండి, నాకు అలవాటే.

డాట్‌కామ్‌ల జోరు నడుస్తున్న రోజులు. స్కాట్లాండ్‌లోని ఒక చిన్న ఊరు తన పాత కట్టడాల గురించి వెబ్‌సైటు చేసిపెట్టమని మా కంపెనీని అడిగింది. గడియారపు బురుజు, వంతెన, చర్చి, అన్నిటికీ ఫొటోలూ వివరాలూ పంపారు. సంతవీధి నడుమ ఉన్న రాతి స్తంభానికి మాత్రం ఫొటో ఒక్కటే వచ్చింది. మర్నాడే వాళ్ళకు చూపించాలి. పైగా ఆ నెలాఖరుకి ఇక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే నా వర్క్ పాస్ గడువు అయిపోతుంది. ఈ పని గట్టెక్కితేనే పొడిగిస్తామన్నారు మా ఆఫీసువాళ్ళు.

ఊరి నడుమ రాయి, చుట్టూ మెట్లు. మనవాళ్ళకు అది చూస్తే ఏం తోస్తుందో మీకు వేరే చెప్పాలా? "పెళ్ళికానివారు ఉదయాన్నే పరగడుపున దీని చుట్టూ మూడు ప్రదక్షిణలు చేస్తే ఏడాది తిరక్కుండా పెళ్ళవుతుంది" అని నాకొచ్చిన ఇంగ్లీషులో రాసిపారేశాను. అసలు వివరాలు వచ్చాక మార్చేద్దామనుకున్నాను. అవి వచ్చాయి. నేను మరిచిపోయాను. సైటు అలాగే లోకం మీదికి వెళ్ళింది.

మూడు వారాలకు మా మేనేజరు సుబ్బారావుగారు పిలిచారు. రాజమండ్రి మనిషి, పూజ కానిదే కాఫీ ముట్టరు.

"ఏమయ్యా, ఆ రాయి చుట్టూ తిరగమని రాసింది నువ్వేనా?"

"టెంపరరీగా పెట్టానండి."

"వాళ్ళు పర్మనెంటుగా తిరుగుతున్నారు. వాళ్ళ కమిటీ పెద్దాయన లైన్లో ఉన్నాడు. నీ పాస్ సంగతి ఇక నా చేతుల్లో లేదు."

పెట్టె సర్దుకోవడం ఒక్కటే మిగిలిందనుకున్నాను. నిజంగానే ఏడుపొచ్చింది.

స్పీకరులో పెద్దాయన ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. "ఇన్నాళ్ళూ ఆ స్తంభాన్ని కుక్కలు తప్ప ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు పొద్దున్నే జనం. మా మేనకోడలికి సంబంధం కూడా కుదిరింది."

"సార్, క్షమించాలి, అదంతా నేనే..."

"ముందు నా సందేహం తీర్చు బాబూ. దీని మీద మా కమిటీ రెండుగా చీలిపోయింది. పరగడుపున అని రాసి ఉంది కదా, టీ తాగొచ్చా?"

నేను సుబ్బారావుగారి వైపు చూశాను. ఆయన గబగబా ఒక కాగితం మీద రాసి నా ముందుకు తోశారు. 'పాలు కలపకపోతే దోషం లేదని చెప్పు.'

చెప్పాను. పాస్ రెండేళ్ళు పొడిగించారు.

ఆ సాయంత్రమే కీబోర్డు మీద చెయ్యివేసి ఒట్టు పెట్టుకున్నాను. చూడని ఊళ్ళో రాళ్ళకు ఈ జన్మలో మహిమలు అంటగట్టను. తప్పనిసరై అంటగట్టినా, టీ సంగతి ముందే రాసేస్తాను.