అండమాన్‌లో నా మీసం పోయిన వైనం

ఈ సంగతి రాసిపెట్టక తప్పడం లేదు. నా మీసాన్ని సొరచేప కొరికిందని మా తోటపల్లి గూడూరులో కొందరు, పందెంలో ఓడిపోయానని ఇంకొందరు చెప్పుకుంటున్నారు. అసలు జరిగింది అంతకంటే ఘోరం. వినండి.

నాకు డిగ్రీ లేదు, లైబ్రరీ కార్డు ఉంది. పగడపు దిబ్బల గురించి దొరికిన ప్రతి పుస్తకాన్నీ నమిలి మింగాను. పగడం రాయి కాదు, బతికున్న జీవి అని దారిన పోయేవాళ్ళను ఆపి మరీ చెప్పేవాణ్ణి. ఈత మాత్రం రాదు. పుస్తకంలో బొమ్మలు చూశాను కదా అని ధీమా.

మా అత్తమ్మ సంతోషమ్మ జీవితమంతా గంపలో చేపలమ్మింది. "చచ్చిన చేపల మొహాలే చూసినాను నాయనా. ఒక్కసారన్నా బతికున్న చేపను దాని ఇంట్లో చూడాల" అనేది. అందుకే నా భార్య రూతునూ ఆమెనూ అండమాన్ తీసుకెళ్ళాను.

పడవలో మా గైడు అప్పారావు గారు, శ్రీకాకుళం నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన కుటుంబం ఆయనది. "ఇది రక్షిత దిబ్బ. ఏదీ ముట్టుకోకూడదు, ఏదీ పారేయకూడదు. ఒక్కరు పగడం మీద కాలు మోపినా అందరినీ వెనక్కి తీసుకుపోతాను" అని, నా మొహం వైపు చూశారు. "సార్, ఈ మీసంతో కళ్ళకూ ముక్కుకూ పెట్టుకునే ఈ అద్దాల మాస్కు అతుక్కోదు, నీళ్ళు దూరతాయి. కాస్త కత్తిరించండి."

కోడిపుంజు తోకలా లేచిన మీసం నాది. కత్తిరించడమా?

"వాల్రస్‌కు మీసాలున్నాయి, సీల్‌కు ఉన్నాయి. రెండూ సముద్రంలో బతకడం లేదా?" అన్నాను.

"జెల్ల చేపకూ ఉండాయి నాయనా" అంది అత్తమ్మ. "అది అద్దం పెట్టుకోదు గదా."

"ఈదను రాదు గానీ, మీసాలకు సంపెంగ నూనె!" అంది రూతు.

నా చెయ్యి పట్టుకుంటే తప్ప దిగనని అత్తమ్మ ముందే చెప్పింది. "ముందు నేను చూసొస్తా" అని అభయమిచ్చి దిగాను. మొహం ముంచీ ముంచగానే మాస్కు చెరువైంది. ముక్కులో దూరిన ఉప్పునీరు మెదడు దాకా పోయి చదివినదంతా కడిగేస్తుందని ఏ పుస్తకంలోనూ రాయలేదండీ! కాళ్ళు కిందికి జారుతున్నాయి. కింద జానెడు దూరంలో పగడం.

"నాయనా!" పడవలోంచి అత్తమ్మ కేక. "కాలు కింద పెట్టినావంటే చేపా లేదు, అల్లుడూ లేడు!"

పగడం తొక్కనేల, పడవెక్కనేల అనుకుని, బాణలిలో పడ్డ రొయ్యలా ముడుచుకుపోయాను. అప్పారావు గారు లైఫ్ జాకెట్ పట్టి ఈడ్చుకొచ్చారు.

"కాసేపట్లో నీళ్ళు తగ్గిపోతాయి. తర్వాత ఎవర్నీ దించను. మీసంతో అయితే మిమ్మల్ని ఇప్పుడు కూడా దించను."

"పోనీలే నాయనా" అంది అత్తమ్మ. చూపు మాత్రం నీళ్ళ మీదే ఉంది. ఆ 'పోనీలే' జెల్ల ముల్లులా గుచ్చుకుంది నాకు.

"కత్తెర తెండి!" అన్నాను.

ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోంచి కత్తెర వచ్చింది. రూతు చేతుల్లో అంత ఉత్సాహం మా పెళ్ళినాడు కూడా చూడలేదు.

"ఒక్క వెంట్రుక నీళ్ళలో పడకూడదు సార్!"

అత్తమ్మ కొంగు పరిచింది. నా పౌరుషం అందులో రాలింది.

అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది, ఇద్దరం దిగాం. పచ్చగా, నీలంగా ఒక చేప ఆమె మొహం ముందుకొచ్చి నిలిచింది. మొప్ప ఎత్తి చూడాలని అలవాటుగా ఆమె చెయ్యి ముందుకు పోయింది. మధ్యలోనే ఆగి, వెనక్కి వచ్చింది.

పైకి తేలి అంది: "ఎత్తి చూసే పనే లేదు నాయనా! అన్నీ తాజావే!"

ఆమె మాస్కులోనూ నీళ్ళు నిండి ఉన్నాయి. ఆమెకు మీసం లేదు.

కాబట్టి సకల జలచరాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మీసం మళ్ళీ పెంచుతాను గానీ, దాని తరఫున వాల్రస్‌ను సాక్ష్యానికి పిలవను. ఈడ్చుకొచ్చిన అప్పారావు గారికి, కత్తెర పట్టిన రూతుకు, చెయ్యి వదలని సంతోషమ్మ గారికి కృతజ్ఞతలు. పుస్తకాలిచ్చిన మా లైబ్రేరియన్ విమలక్కకు కూడా. అక్కా, ఆ వాల్రస్ పుస్తకం రేపే తెచ్చిస్తాను.